ఇల్లు ముందా, పని ముందా: షాద్‌నగర్ మీదుగా ఆరాంఘర్ చేరిన ఒక కేసు

మా పాలమూరులో వలస కొత్త కాదు. అయితే పాత వలసలో పని ముందు, నీడ వెనక. గుంపు మేస్త్రి ఊళ్లోకి వచ్చి మనుషులను మాట్లాడుకొని, చేతిలో అడ్వాన్స్ పెట్టి బొంబాయికో పుణెకో తీసుకుపోయేవాడు. ఏ పేటలో ఇల్లు చూసుకోవాలన్న ప్రశ్నే కూలీకి వచ్చేది కాదు. సైటు పక్కనే నాలుగు రేకులు, లేదా గుడిసె. అదేం మంచి బతుకని కాదు. ఆ అడ్వాన్స్ తీరేదాకా కదలడానికి లేదు. కాకపోతే ఆ ఒక్క తలనొప్పి మాత్రం ఉండేది కాదు.

ఇప్పుడు వాళ్ల పిల్లలు డిగ్రీలు, డిప్లొమాలు చదివారు. వీళ్లను తీసుకుపోయే మేస్త్రి లేడు. అందుకే వరస తిరగబడింది. ముందు హైదరాబాద్‌లో ఎక్కడో ఇల్లు తీసుకొని, తర్వాత ఆ చుట్టుపక్కల పని వెతుక్కుంటున్నారు. మహబూబ్‌నగర్‌లో ఇలాంటి వాళ్లకు శిక్షణ ఇచ్చి, ఉద్యోగం చూసుకునేదాకా తోడుండే పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను. "ఏ ఉద్యోగం చేయాలె సార్" అని అడిగేవాళ్లకంటే "ఏడ ఉండాలె సార్" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ కేసు రాయడానికి అదొక కారణం. నా సలహా ఒకసారి బాగా తప్పడం రెండో కారణం.

పేర్లు రాయడం లేదు, అమ్మాయి, అబ్బాయి అనే అంటాను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

దేవరకద్ర వైపు పల్లె వాళ్లది. 2024 ఏప్రిల్‌లో నా దగ్గరికి వచ్చేనాటికి అమ్మాయికి 26, అబ్బాయికి 31. ఐదేళ్ల కొడుకు. అమ్మాయి ఇంటర్ తర్వాత డీఎంఎల్‌టీ అనే ల్యాబ్ డిప్లొమా చేసి, మహబూబ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో మూడేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్. చంటిపిల్లల నరం కూడా ఒక్క సూదికే దొరకబట్టే చెయ్యి. జీతం 11 వేలు, మూడేళ్లలో వెయ్యి పెరిగింది. అబ్బాయి బీకాం, కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీ వచ్చు. జడ్చర్ల వైపు ఒక మిల్లులో లెక్కలు రాసేవాడు, 14 వేలు. ఓనరు అల్లుడు వచ్చి లెక్కలు తనే చూసుకోవడం మొదలుపెట్టాక ఈయనకు "సీజన్‌లో పిలుస్తాం" అన్న మాట మిగిలింది.

ఎత్తుకున్న చిట్టీ డబ్బు 1,40,000 బ్యాంకులో ఉంది. అప్పు లేదు. ఇది చాలా పెద్ద బలం, చాలామందికి ఉండదు. అబ్బాయి తండ్రి పదిహేనేళ్లు బొంబాయి సైట్లలో పనిచేసి వచ్చిన మనిషి. మొదటి రోజు ఆయన కూడా వెంట వచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. అంతా విని ఒక్క మాట అన్నాడు: "మేం అడ్వాన్స్ తీస్కొని పోతుంటిమి సార్. వీడు ఎదురు ఇచ్చి పోతుండు."

వచ్చిన సమస్య

ఫోన్లో ఒక ఇంటి ఫొటోలు తెచ్చారు. మియాపూర్‌లో సింగిల్ బెడ్రూమ్, అద్దె 9,500, రెండు నెలల అడ్వాన్స్. "ఎల్లుండి ఇయ్యాలె, లేకుంటే వేరేటోళ్లకు ఇస్తడట. ఇయ్యమంటరా సార్?"

ఎందుకు మియాపూర్ అని అడిగితే మూడు కారణాలు చెప్పారు. అబ్బాయి బావ అక్కడ క్యాబ్ నడుపుతాడు. మెట్రో ఉంది. హైటెక్ సిటీ దగ్గర, "ఉద్యోగాలన్నీ ఆడనే ఉన్నయి కద."

"నీ పనికి అక్కడ ఎవరైనా పిలిచారా?"

"ఇంకా ఎవ్వరు పిలువలే సార్. పోతే దొరకదా?"

బంధువు ఉన్నాడన్న కారణాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కొత్త ఊళ్లో మొదటి వారం అన్నం పెట్టేవాడు, రాత్రి పిల్లాడికి జ్వరం వస్తే బండి తీసేవాడు ఉండడం చిన్న విషయం కాదు. కాని బావ అవసరం మొదటి నెల, అగ్రిమెంటు పదకొండు నెలలు. మెట్రో కూడా నిజమే, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒకే లైను. మూడో కారణం మాత్రం గాలి మాట. ఉద్యోగాలన్నీ అక్కడున్నాయంటే ఎవరి ఉద్యోగాలు? హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఎన్నున్నా ట్యాలీ వచ్చిన బీకాం అబ్బాయికి వాటిలో ఉన్న పని ఎంత? నగరానికి ఉన్న పేరు వేరు, మన పనికి ఆ నగరంలో ఉన్న చోటు వేరు. అడ్వాన్స్ ఇవ్వొద్దని చెప్పాను. అబ్బాయి ముఖం ముడుచుకుంది.

మొదట చేసింది

ఇద్దరికీ చెరొక నోట్‌బుక్ ఇచ్చి రెండు వారాలు గడువు పెట్టాను. జాబ్ యాప్‌లలో, వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ల పనికి సంబంధించిన ప్రకటన ఏది కనిపించినా రాసుకోవాలి. ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి. సరిగ్గా ఎక్కడ, ఏ స్టాపు దగ్గర? పొద్దున ఎన్ని గంటలకు అక్కడ ఉండాలి? జీతం కంపెనీ ఇస్తుందా, మధ్యలో ఏజెన్సీ ఉందా?

రెండు వారాల్లో నలభైకి పైగా రాసుకొచ్చారు. అబ్బాయి పుస్తకంలో కాటేదాన్, బేగంబజార్, బాలానగర్, జీడిమెట్ల, శంషాబాద్, కొత్తూరు ఉన్నాయి. గోదాములు, చిన్న ఫ్యాక్టరీలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు. హైటెక్ సిటీ వైపు రెండే, ఆ రెంటికీ ఇంగ్లిష్ బాగా మాట్లాడాలట. అమ్మాయి పుస్తకం వేరేలా ఉంది. ల్యాబులు మెడికల్ షాపుల్లా ప్రతి పేటలో ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, మెహిదీపట్నం, అత్తాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్. ఎక్కడా కుప్పగా లేవు. పొద్దున ఎన్నింటికి అన్న ప్రశ్నకు దాదాపు అన్నిచోట్లా ఒకే జవాబు: ఆరున్నర, మహా అయితే ఏడు.

ఆ ఆరున్నర నా కళ్ల ముందే ఉంది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

నా తప్పు

పుస్తకాలు చూసి నేను మహబూబ్‌నగర్‌కు, హైదరాబాద్‌కు మధ్యలో ఉన్న షాద్‌నగర్ అన్నాను. ఎందుకన్నానో వివరంగా రాస్తాను, ఎందుకంటే విడివిడిగా చూస్తే ప్రతి కారణమూ బాగానే కనిపిస్తుంది.

అద్దె తక్కువ. మియాపూర్‌లో 9,500 పెట్టే ఇల్లు అక్కడ ఆరు వేలకు వస్తుంది. 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉంది కాబట్టి ఇంటికి పోవడం తేలిక. నందిగామ, కొత్తూరు ఫ్యాక్టరీలు, గోదాములు అబ్బాయికి దగ్గర. అమ్మాయి ల్యాబ్ మనిషి, అటువైపు ఫార్మా కంపెనీలు బోలెడు, వాటిలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులు ఉంటాయి. అదీ కాదంటే సిటీకి రోజూ పోయి రావొచ్చు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్. "అమ్మాయికి ఖర్చే లేదు కదా" అని నేనే అన్నాను.

ఇందులో రెండు చోట్ల తప్పాను. డీఎంఎల్‌టీ అంటే రక్తం, మూత్రం, కఫం పరీక్షించే చదువు. ఫార్మా క్వాలిటీ కంట్రోల్ వాళ్లు అడిగేది కెమిస్ట్రీతో బీఎస్సీ, ఎమ్మెస్సీ, లేదంటే ఫార్మసీ. రెంటికీ ల్యాబ్ అన్న పేరు ఒకటే, పని ఒకటి కాదు. ఈ తేడా తెలియని వాణ్ని కాను. అయినా సలహా ఇచ్చేటప్పుడు "ల్యాబ్" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. రెండోది, ఫ్రీ బస్సు టికెట్‌ను తీసేసింది కాని దూరాన్ని తీసేయలేదు.

జూన్ చివర్లో ఇల్లు తీసుకున్నారు. ఆషాఢం వస్తే కొత్త ఇంట్లో పాలు పొంగించొద్దని అత్తమ్మ తొందర పెట్టింది, నేనూ వద్దనలేదు. అడ్వాన్స్ 12 వేలు, మొదటి నెల అద్దె 6 వేలు, సామాను తెచ్చిన టాటా ఏస్‌కు 4,500. గ్యాసు, ఫ్యాను, బకెట్లు అంటూ ఇంకో ఎనిమిది వేలు. ఊళ్లో స్కూలు నుంచి టీసీ తీసుకొని పిల్లాణ్ని షాద్‌నగర్‌లో ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతిలో వేశారు, మొదటి విడత ఫీజు 14 వేలు. ఇద్దరిలో ఒక్కరికీ పని దొరకకముందే 44,500 అయిపోయింది.

ఎలా కూలింది

జూలైలో అబ్బాయికి కొత్తూరు దగ్గర ఒక గోదాములో స్టోర్ అసిస్టెంట్ పని దొరికింది, ఏజెన్సీ మీద, 15 వేలు. మేమంతా సంతోషించాం. సెప్టెంబర్ ఆఖర్లో గోదాముకు కొత్త ఏజెన్సీ వచ్చింది, దాంతోపాటు దాని మనుషులూ వచ్చారు. ఆయన తప్పు ఏమీ లేదు, పనిలో చేరినప్పుడు ఎవరూ ఏమీ దాచలేదు కూడా. నోట్‌బుక్‌లో మూడో ప్రశ్న పెట్టింది నేనే. జవాబు "ఏజెన్సీ" అని వచ్చినప్పుడు దాన్ని బట్టి ఇల్లు తేల్చకూడదని చెప్పనిది కూడా నేనే.

అమ్మాయి ముందు అక్కడి నర్సింగ్ హోముల్లో తిరిగింది. 9 వేలు, పన్నెండు గంటలు అన్నారు. మహబూబ్‌నగర్‌లో తీసుకున్న జీతం కంటే తక్కువ. అప్పుడు సిటీ వైపు చూసింది. ఆగస్టులో మెహిదీపట్నం దగ్గర ఒక ల్యాబ్‌లో 15 వేలకు తీసుకున్నారు. పొద్దున ఆరున్నరకు కౌంటర్లో ఉండాలి.

ల్యాబ్‌లో ఆ టైముకు ఎందుకంత పట్టింపో బయటివాళ్లకు తెలియదు. షుగర్ పరీక్షకు వచ్చేవాళ్లు రాత్రి నుంచి ఏమీ తినకుండా వస్తారు. ముసలివాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఆరింటికే వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. సూది గుచ్చే మనిషి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే అందరి ముందు గొడవ. ఆఫీసులో లేటుగా పోతే సంతకం దగ్గర మాట పడుతుంది, ఇక్కడ మనిషి పడిపోతాడు.

అమ్మాయి తెల్లవారుజామున నాలుగుంపావుకు లేచి, నాలుగు నలభైకి ఇల్లు విడిచేది. ఆటో ఉండదు కాబట్టి భర్త బండి మీద బైపాస్ దగ్గర దింపేవాడు. పిల్లాడు నిద్రలో ఒంటరిగా, బయట గొళ్లెం. దొరికిన బస్సు ఎక్కి ఆరాంఘర్‌లో దిగి, అక్కడ ఇంకో బస్సు. మంచి రోజున ఆరు ఇరవైకి చేరేది, చెడ్డ రోజున ఏడు దాటేది. తొమ్మిది రోజులు పోయింది. పదో రోజు తెల్లవారి పిల్లాడు లేచి తలుపు తట్టీ తట్టీ ఏడ్చాడని పక్కింటావిడ చెప్పింది. ఆ రోజే మానేసింది. నాకు చెప్పింది మాత్రం రెండు వారాల తర్వాత. "మీరు చెప్పిన ఊరే కద సార్, ఎట్ల చెప్పాలె అనిపించింది" అంది.

అక్టోబర్ నెలంతా ఇద్దరికీ పని లేదు. ఇల్లు ఖాళీ చేస్తే ఓనరు పెయింటింగ్ పేరుతో ఒక నెల అడ్వాన్స్ పట్టుకున్నాడు. స్కూల్ ఫీజు తిరిగి రాలేదు. నవంబర్ నాటికి 1,40,000లో మిగిలింది 75 వేల లోపు.

మళ్లీ మొదటి నుంచి

ఈసారి నేను ఊరి పేరుతో మొదలుపెట్టలేదు. ఇద్దరిలో ఎవరి పనిని బట్టి ఇల్లు ఉండాలి అన్నది ముందు తేల్చాం. మన ఇళ్లలో ఈ ప్రశ్న అడగరు, మగవాడి పనికి దగ్గర ఇల్లు అని తేలిపోయి ఉంటుంది. ఇక్కడ లెక్క వేరుగా వచ్చింది. అబ్బాయి పని తొమ్మిదిన్నరకు మొదలవుతుంది, ఆ టైముకు ఏ వైపుకైనా బస్సు ఉంటుంది, బండి కూడా ఉంది. అమ్మాయి పని ఆరున్నరకు, బండి రాదు. కాబట్టి ఇల్లు ఆమె ల్యాబ్‌కు నడిచేంత దూరంలో ఉండాలి. అబ్బాయి తిరుగుతాడు. ఈ మాట అబ్బాయికి వెంటనే మింగుడుపడలేదు, తండ్రికి అసలే పడలేదు. నాలుగుంపావుకు ఎవరు లేచారో గుర్తు చేస్తే అబ్బాయి ఊరుకున్నాడు.

ల్యాబులు ప్రతి పేటలో ఉన్నప్పుడు పేటను ఎలా ఎంచాలి? ఇక్కడ అబ్బాయి పుస్తకం పనికొచ్చింది. మొదటి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందన్నది కాదు, అది పోతే ఇల్లు కదలకుండా రెండోది ఎక్కడ దొరుకుతుంది అని చూడాలి. ఏజెన్సీ ఉద్యోగాల కాలంలో మొదటిది పోతుందనే అనుకొని లెక్క వేసుకోవడం నయం. అలా చూస్తే ఒకే పారిశ్రామిక వాడ పక్కన ఇల్లు పనికిరాదు, నాలుగు దారులు కలిసే చోటు కావాలి.

రెండు చోట్లు మిగిలాయి. ఒకటి ఎల్బీనగర్. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆస్పత్రులు, ల్యాబులు వరసగా ఉన్నాయి. 2018 సెప్టెంబర్ నుంచి మెట్రో ఉంది. నిజం చెప్పాలంటే అమ్మాయి పనికి అదే మేలు. నల్గొండ నుంచి వచ్చే వాళ్లకు నేను కళ్లు మూసుకొని అటే చెబుతాను, చౌటుప్పల్, హయత్‌నగర్ దాటి బస్సు దిగేదే అక్కడ. రెండోది ఆరాంఘర్ నుంచి అత్తాపూర్ దాకా. మెట్రో లేదు. కాని మహబూబ్‌నగర్ బస్సులు ఆరాంఘర్ మీదుగానే నగరంలోకి వస్తాయి. ఒక పక్క కాటేదాన్, ఒక పక్క శంషాబాద్, ఇంకో పక్క మెహిదీపట్నం. ఎల్బీనగర్ పోవాలన్నా చాంద్రాయణగుట్ట మీదుగా రోడ్డు ఉంది.

తేల్చింది పిల్లాడు. వాణ్ని మధ్యలో ఇంకో స్కూలుకు తిప్పడం నాకు ఇష్టం లేదు. ఊళ్లో ప్రభుత్వ బడిలో చేర్చి, ఏప్రిల్ దాకా తాత, నానమ్మ దగ్గర ఉంచుదామన్నాను. అలా అయితే తల్లి ప్రతి ఆదివారం ఊరికి పోవాలి. ఎల్బీనగర్ నుంచి పోతే నగరం అంచు దాటడానికే చాలా సేపు పోతుంది. ఆరాంఘర్‌లో అయితే రోడ్డు మీదికి వస్తే ఊరి బస్సు. ఇక్కడ మాత్రం ఫ్రీ బస్సు నిజంగా పనికొచ్చింది. నెలకు నాలుగుసార్లు పోయి వచ్చే ఖర్చు సున్నా.

పేట తేలింది, కాని ఇల్లు తీసుకోవద్దన్నాను. షాద్‌నగర్‌లో మేం చేసిన పొరపాటు చోటు ఎంచుకోవడం ఒక్కటే కాదు. చోటు ఎంచుకున్న రోజే సామాను, పిల్లాడు, గ్యాసు బండ అన్నీ కదిలించాం. ఈసారి అమ్మాయి ఒక్కతే ఒక బ్యాగుతో పోయి లేడీస్ హాస్టల్‌లో చేరింది. భోజనంతో నెలకు 6 వేలు, అడ్వాన్స్ 2 వేలు. అబ్బాయి ఊళ్లోనే ఉండి తండ్రితో పాటు పత్తి ఏరాడు. ఆ నెల ఖర్చు చేతికి తిరిగి వచ్చింది.

ఏం పనిచేసింది

అమ్మాయికి నేను చెప్పింది ఒక్కటే: యాప్‌లు పక్కన పెట్టు, నడువు. పొద్దున పోవద్దు, పదకొండు వరకు సూదుల హడావిడి ఉంటుంది, నిన్ను ఎవరూ చూడరు. పన్నెండు తర్వాత పో. అప్పటికి శాంపిళ్లు మిషన్ మీద ఉంటాయి, ఇన్‌ఛార్జ్ టీ తాగుతుంటాడు. రిజ్యూమే ఇచ్చి "రేపు పొద్దున వచ్చి రెండు గంటలు ఊరికే శాంపిళ్లు తీస్తాను, చూడండి సార్" అను.

అత్తాపూర్, హైదర్‌గూడ, ఉప్పర్‌పల్లి వైపు అడ్రస్ అంటే కాలనీ పేరు తర్వాత సంగతి, ముందు పిల్లర్ నంబర్. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పోతుంది కదా, దాని స్తంభాలే అక్కడ గుర్తులు. అమ్మాయి పిల్లర్ నంబర్ వరసలో పుస్తకంలో రాసుకుంటూ పోయింది. ఏ పిల్లర్ దగ్గర ఏ ల్యాబ్, ఎవరితో మాట్లాడింది, ఏమన్నారు. పదిహేడో రోజున నన్ను ఫోన్లో పిలిచింది. రెండు గంటలు శాంపిళ్లు తీసి చూపించిన చోటే 16 వేలకు తీసుకున్నారు. ఒక ముసలావిడ నరం దొరక్క ఇద్దరు వదిలేస్తే తను తీసిందట.

అప్పుడు ఇల్లు. ఉద్యోగం చేతిలో ఉన్న మనిషికి ఇల్లు వెతకడం ఎంత తేడాగా ఉంటుందో అప్పుడు చూశాను. షాద్‌నగర్‌లో "ఏం చేస్తరు?" అన్న ప్రశ్నకు ఇద్దరి దగ్గరా జవాబు లేదు, ఓనరు అడిగినంత అడ్వాన్స్ ఇచ్చారు. ఇక్కడ ల్యాబ్ ఐడీ కార్డు చూపిస్తే మాట తీరే మారింది. "మా ఆవిడకు షుగర్, ఇంటికొచ్చి రక్తం తీస్తావా అమ్మా?" అని అడిగిన ఓనరు రెండు నెలల అడ్వాన్స్‌ను ఒక నెలకు దించాడు.

దానికి ముందు ఒక ఇల్లు వదులుకుంది. అది చెప్పాలి. 6,500కే రెండు గదులు, బోరు నీళ్లు, చుట్టూ చెట్లు. నాకు వీడియో కాల్‌లో చూపించింది. గోడలకు కొత్త పెయింట్, కాని నడుం ఎత్తు వరకే. స్విచ్ బోర్డులు అన్నీ భుజం పైన. ఎందుకలా ఉన్నాయో పక్కింటివాళ్లను అడగమన్నాను. 2020 అక్టోబర్‌లో ఇంట్లోకి నీళ్లొచ్చాయని, సామానంతా డాబా మీదికి ఎక్కించామని చెప్పారు. ఆ వానకే గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీద కార్లు కొట్టుకుపోయాయి. ఆ వైపు చెరువుల కింద చవకగా దొరికే ఇళ్లను నేను వానాకాలంలోనే చూడమంటాను. వానాకాలం కాకపోతే గోడను చూడాలి, పక్కింటావిడను అడగాలి. రెండు వేలు ఎక్కువైనా పర్వాలేదని 8,500కు రెండో అంతస్తులో తీసుకున్నారు. ల్యాబ్‌కు పది నిమిషాల నడక.

జనవరిలో అబ్బాయి వచ్చాడు. నెలన్నర తిరిగి కాటేదాన్‌లో ఒక యూనిట్‌లో అకౌంట్స్ పనికి కుదిరాడు, 17 వేలు, ఏజెన్సీ లేదు. మేలో ఆ యూనిట్ ఓనరు లెక్కల పని బయట ఆడిటర్‌కు అప్పగించాడు. ఈసారి నాకు భయం వేయలేదు, అబ్బాయికీ వేయలేదు. అమ్మాయి జీతంతో అద్దె నడిచింది. మూడు వారాల్లో శంషాబాద్ వైపు ఒక కార్గో ఆఫీసులో దొరికింది. అదే స్టాపు, రోడ్డుకు అవతలి పక్క నిలబడి బస్సు ఎక్కడమే తేడా.

దీనికి ఒక ఖర్చు ఉంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పిల్లాడు తల్లికి దూరంగా ఉన్నాడు. మొదట్లో రోజూ ఫోన్ అడిగేవాడు. సంక్రాంతి తర్వాత ఫోన్ ఇస్తే తీసుకోకుండా ఆడుకోవడానికి పోయేవాడు. తల్లి నా దగ్గర ఏడ్చింది ఒక్కసారే, ఆ విషయానికే. ఇంకో దారి ఉందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తల్లి, పిల్లాడు కలిసి ఉండగలిగే చవకైన చోటు హాస్టళ్లలో లేదు. లేడీస్ హాస్టల్ వాళ్లు పిల్లలతో రానివ్వరు.

నేను మార్చుకున్నవి

మా సెంటర్‌లో వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే ఫారంలో ఇంతకుముందు "ఏ ప్రాంతంలో పనిచేయాలని ఉంది" అని ఒక గడి ఉండేది. అందరూ హైదరాబాద్ అని రాసేవాళ్లు. దాన్ని కొట్టేసి, ఇంట్లో ఒక్కొక్కరి పని పొద్దున ఎన్ని గంటలకు మొదలవుతుంది, ఆ టైముకు అక్కడికి చేర్చేది ఏమిటి అని పెట్టాను. ఇల్లు ఎవరి వైపు జరగాలో సగం ఆ గడిలోనే తేలుతోంది.

చోటు చూడడానికి పోయేవాళ్లను ఆదివారం పోవద్దంటున్నాను. ఆదివారం ఆరాంఘర్ కూడా ఖాళీగా, బాగుంటుంది. సోమవారం, తాము పనికి పోవాల్సిన గంటకు, తాము ఎక్కాల్సిన బస్సులోనే పోవాలి. షాద్‌నగర్ నుంచి తెల్లవారుజామున ఒక్కసారి నేను అలా పోయి ఉంటే ఆ 44,500 మిగిలేది.

మొదటి నెల సామాను కదిలించొద్దని కూడా చెబుతున్నాను. ఇది చాలామంది వినరు. విడిగా ఉంటే ఇద్దరికీ రెండు ఖర్చులు అంటారు. నిజమే. నేను ఈ ఇద్దరి లెక్క తీసి చూపిస్తాను: హాస్టల్‌లో మొదటి నెల అడ్వాన్స్‌తో కలిపి 8 వేలు, షాద్‌నగర్‌లో మొదటి రోజే 44,500. కొంతమంది ఊరుకుంటారు, కొంతమంది అయినా టాటా ఏస్ మాట్లాడుకుంటారు. పిల్లలున్న ఆడవాళ్ల విషయంలో గట్టిగా చెప్పడానికి నాకు నోరు రాదు.

జూన్‌లో బళ్లు తెరవగానే పిల్లాడు అత్తాపూర్‌లో రెండో తరగతిలో చేరాడు. వారం తిరగకముందే ఇంటి అడ్రస్ పిల్లర్ నంబర్‌తో చెప్పడం నేర్చుకున్నాడట. తాత మొదటిసారి జొన్నపిండి మూటతో ఆరాంఘర్‌లో బస్సు దిగి, తీసుకుపోవడానికి వచ్చిన కొడుకు ఆలస్యం చేస్తే నాకు ఫోన్ చేశాడు. ఇల్లు ఎటని అడుగుతాడేమో అనుకున్నాను.

"సార్, ఆ అడ్వాన్స్ ఎప్పుడు వాపసు ఇస్తరట?" అన్నాడు.